చిన్న గని కంపెనీ మీద చెడ్డ వార్త

గనుల వ్యాపారంలో చిన్న కంపెనీ అంటే సాధారణంగా ఇంకా ఖనిజం అమ్మడం మొదలుపెట్టని కంపెనీ. దాని చేతిలో ఉండేవి ఒక అన్వేషణ అనుమతి, కొన్ని బోర్ల నుంచి తీసిన రాతి నమూనాలు, ప్రయోగశాల ఇచ్చిన గ్రేడు అంకెలు, రావలసిన అనుమతుల దరఖాస్తులు. రాబడి లేదు కనుక జీతాలకూ డ్రిల్లింగుకూ డబ్బు కొత్త షేర్లు అమ్మి తేవాలి. పత్రికలో వచ్చే ఒక్క వార్త ఇలాంటి కంపెనీని అంతగా కుదిపెయ్యడానికి కారణం ఇదే. సిమెంటు కంపెనీ మీద చెడ్డ వార్త వస్తే షేరు పడుతుంది గానీ మర్నాడు కూడా బస్తాలు అమ్ముడవుతాయి. అన్వేషణ కంపెనీకి షేరు ధరే పెట్టుబడి. ధర సగానికి పడితే అదే డబ్బు కోసం రెట్టింపు షేర్లు జారీ చెయ్యాలి, పాత వాటాదారుల వంతు ఆ మేరకు పలచబడుతుంది. వార్త తర్వాత అబద్ధమని తేలినా పలచబడిన వాటా తిరిగి చిక్కబడదు.

పేపరు వాళ్లే ముంచేశారని చిన్న మదుపరి అనడం వెనుక ఇంత లెక్క ఉంది. ఆ కోపాన్ని అత్యాశగా కొట్టిపారెయ్యడం అన్యాయం. అయితే వచ్చిన ప్రతి చెడ్డ వార్తనూ కుట్రగా చూడడం వల్ల ఎక్కువ నష్టపోయేది కూడా ఆ మదుపరే. ఈ రెండు మాటలూ ఎంతవరకు నిజమో తేల్చడానికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అనుభవం బాగా పనికొస్తుంది.

ఈ నేలకు గని కొత్త కాదు. భారతదేశంలో మాంగనీసు తవ్వకం 1890ల తొలినాళ్లలో నాటి విశాఖపట్నం జిల్లాలో, ఇప్పటి విజయనగరం జిల్లా చీపురుపల్లి చుట్టుపక్కల మొదలైంది. ఎల్.ఎల్. ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి కోడూరు గని దగ్గర చూసిన శిలకు ఆ ఊరి పేరుతోనే కోడూరైట్ అని నామకరణం చేశాడు. భూగర్భ శాస్త్ర గ్రంథాల్లో ఆ పేరు నిలిచిపోయింది. గర్భాం గనిని తర్వాతి కాలంలో విశాఖ ఉక్కు కర్మాగారం సొంత అవసరాలకు వాడుకుంది. గరివిడి పక్కన శ్రీరాంనగర్‌లో 1955లో పుట్టిన ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్, ఊళ్లో అందరూ ఫేకర్ అనే కంపెనీ, ఆ మాంగనీసు మీదే నిలబడింది. 2004లో అది విడిపోయినప్పుడు గరివిడి కర్మాగారం ఫేకర్ అల్లాయ్స్ పేరుతో స్టాక్ ఎక్స్ఛేంజీలో వేరే షేరయింది. టెక్కలి పరిసరాల నీలి గ్రానైటు క్వారీలు మాత్రం ఎక్కువగా ప్రైవేటు వ్యక్తులవీ, చిన్న సంస్థలవీ. వాటికి షేర్లుండవు.

కాబట్టి ఈ ప్రాంతంలో గని మీద పెట్టుబడి అంటే షేరు ఒక్కటే అనుకోకూడదు. ఫైనాన్సులో టిప్పరు కొన్నవాడు, క్వారీ గేటు ఎదుట హోటల్ పెట్టినవాడు, కూలీలకు అరువిచ్చిన కిరాణా కొట్టువాడు కూడా గనిని నమ్మి డబ్బు పెట్టినవాళ్లే. గని ఆగితే షేరున్నవాడు నష్టానికైనా అమ్ముకుని బయటపడతాడు. టిప్పరు కిస్తీ మాత్రం నెల తప్పకుండా కట్టాలి. మదుపరి ఆవేదన గురించి మాట్లాడేటప్పుడు వీళ్లను లెక్కలోంచి వదిలేస్తే చర్చ సగమే అవుతుంది. గనిని వ్యతిరేకించే వాళ్లలోనూ, కావాలనే వాళ్లలోనూ ఒకే ఊరి మనుషులు ఉండడానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది.

చెడ్డ వార్త అనే మాట కింద వేర్వేరు రకాలు కలిసిపోతున్నాయి. వాటిని విడదీసి చూడాలి.

మొదటిది, నిజమైన ప్రమాదాన్ని ముందుగా చెప్పే వార్త. సోంపేట ఉదంతం గనికి సంబంధించినది కాకపోయినా ఈ రకానికి దాన్ని మించిన నిదర్శనం శ్రీకాకుళం జిల్లాలో లేదు. నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ తలపెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రానికి సోంపేట బీల భూములను కేటాయించారు. నీళ్లు నిలిచే ఆ భూముల మీద రైతులూ మత్స్యకారులూ బతుకుతున్నారని, ప్రతిఘటన పెరుగుతోందని వార్తలు ముందు నుంచీ వస్తూనే ఉన్నాయి. 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అదే సమయంలో పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి దగ్గర ఇంకో థర్మల్ ప్రాజెక్టు విషయంలో కాల్పులు, మరణాలు పునరావృతమయ్యాయి. దూరాన ఉండి షేరు కొనేవారికి బీల అంటే తెలియదు. జిల్లా పేజీలో వచ్చే నిరసన వార్త అభివృద్ధికి అడ్డుపుల్లలా కనిపించవచ్చు. నిజానికి ప్రాజెక్టు ముందుకు సాగుతుందా లేదా అన్న సమాచారం కంపెనీ వార్షిక నివేదికలో కన్నా ఆ వార్తల్లోనే ఎక్కువగా ఉంది. మనుషుల ప్రాణాలు పోయాక గానీ అది ఆర్థిక సమాచారమని అర్థం కాకపోవడం బాధాకరం.

రెండోది, చట్టం మారడం వల్ల వచ్చే నష్టం. ఇది పత్రికలో కనిపించేసరికి పత్రిక చేసిన పనిలా అనిపిస్తుంది. శ్రీకాకుళం తీరంలో గార మండలం శ్రీకూర్మం, వత్సవలస వైపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, రుటైల్ ఉన్నాయి. వాటితో పాటు థోరియం ఉండే మోనజైట్ కూడా ఉంటుంది. అక్కడ ట్రైమెక్స్ శాండ్స్ అనే ప్రైవేటు సంస్థ తవ్వకాలు సాగించింది. తీరప్రాంత ఖనిజ తవ్వకాల మీద మత్స్యకారుల అభ్యంతరాలూ, కేంద్ర ప్రభుత్వ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ లేఖలూ ఏళ్ల తరబడి వార్తల్లో నిలిచాయి. 2019 ఫిబ్రవరిలో కేంద్రం అణుఖనిజాల రాయితీ నిబంధనలను సవరించింది. భార ఖనిజాల్లో మోనజైట్ 0.75 శాతం దాటితేనే ప్రభుత్వ సంస్థలకు పరిమితమన్న పాత హద్దును సున్నా శాతానికి దించింది. దాంతో దేశమంతటా బీచ్ ఇసుక ప్రైవేటు లీజుల కాలం ముగిసింది. తమిళనాడు నుంచి ఒడిశా దాకా ఎవరి మీద వార్త వచ్చిందో, ఎవరి మీద రాలేదో చూడకుండా అందరికీ వర్తించిన నిబంధన అది.

బంగారం విషయంలో డెక్కన్ గోల్డ్ మైన్స్ అనుభవం దీనికి చాలా దగ్గర. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీలో షేరున్న బంగారు అన్వేషణ సంస్థగా అది చాలాకాలంగా చిన్న మదుపరులకు పరిచయం. కర్ణాటకలో హావేరి జిల్లా గణజూరు వంటి చోట్ల ఏళ్ల తరబడి పరిశోధించి, ఖనిజం ఉందని చూపించి, మైనింగ్ లీజు కోసం ఎదురుచూసింది. 2015లో గనుల చట్టానికి సవరణ తెచ్చి వేలం విధానం ప్రవేశపెట్టినప్పుడు, అప్పటికే అన్వేషణ చేసినవారి హక్కును ఒక సెక్షన్ కింద కాపాడారు. 2021 సవరణలో ఆ రక్షణ కూడా పోయింది. ఖనిజాన్ని వెతికినవాడికి కాకుండా వేలంలో ఎక్కువ పాడినవాడికి లీజు దక్కే పద్ధతి స్థిరపడింది. ఈ విధానం మంచిచెడ్డల మీద గట్టి వాదన జరగవలసిందే. అన్వేషణ మీద డబ్బు పెట్టేవాడికి దీనిలో న్యాయం తక్కువ. అయితే ఆ వాదన పార్లమెంటుతోనూ గనుల మంత్రిత్వ శాఖతోనూ చెయ్యాలి. వార్త రాసిన విలేకరిని తిట్టి లాభం లేదు.

మూడోది మదుపరులు ఫిర్యాదు చెయ్యని రకం, నిజానికి అన్నిటికన్నా ప్రమాదకరమైనది: మితిమీరిన మంచి వార్త. 2020 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్రలో మూడు వేల టన్నులకు పైగా బంగారం దొరికిందని దేశమంతా మార్మోగింది. తెలుగు చానళ్లూ పత్రికలూ వెనకబడలేదు. ఒకటి రెండు రోజుల్లోనే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వివరణ ఇచ్చింది. ఉన్నది సుమారు 52,806 టన్నుల ముడిఖనిజం. టన్నుకు సగటున 3.03 గ్రాముల బంగారం. గుణిస్తే వచ్చేది సుమారు 160 కిలోలు. టన్నుల్లో చెప్పిన మాట కిలోలకు దిగింది. 2023 ఫిబ్రవరిలో జమ్మూలో రియాసి దగ్గర 59 లక్షల టన్నుల లిథియం అన్న వార్త కూడా ఇలాంటిదే. ఆ అంకె లిథియం ఉన్న ముడిరాయి బరువు, అదీ ప్రాథమిక స్థాయి అంచనా. ఆ బ్లాకును వేలం వేస్తే పాడేవాళ్లు చాలక ప్రక్రియ నిలిచిపోయింది.

ఉత్పత్తి గడువుల వార్తలదీ ఇదే తీరు. కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి దగ్గర జియోమైసూర్ సర్వీసెస్ బంగారు గనిలో డెక్కన్ గోల్డ్‌కు వాటా ఉంది. 2024 చివరికల్లా పూర్తిస్థాయి ఉత్పత్తి, ఏడాదికి సుమారు 750 కిలోలు అని 2023లో కంపెనీ వర్గాల మాటగా వార్తలొచ్చాయి. ఆ గడువు దాటిపోయింది. గని పనుల్లో గడువులు జారడం ప్రపంచమంతటా మామూలే. కానీ శీర్షికలో ఉన్న నెల పేరు చూసి షేరు కొన్నవాడికి ఆ నెల గడిచాక వచ్చే ప్రతి మామూలు వార్తా చెడ్డ వార్తగానే తోస్తుంది. నేటి ప్రతికూల వార్త మీద రేగే కోపంలో చాలా భాగం నిన్నటి అనుకూల వార్త అప్పుగా ఇచ్చిన ఆశకు వడ్డీ.

నాలుగోది అసలైన తప్పుడు వార్త. మదుపరి ఆవేదనకు పూర్తి న్యాయం ఉన్నది ఇక్కడ. ఇది ఎలా పుడుతుందో తెలియాలంటే జిల్లా పేజీ ఎలా తయారవుతుందో చూడాలి. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలను తెచ్చింది. మిగతా పత్రికలూ ఆ దారి పట్టాయి. గార, మెరకముడిదాం, టెక్కలి మండలాల్లో జరిగేది రోజూ అచ్చయ్యే అవకాశం అప్పుడు వచ్చింది. ఇది చిన్న మేలు కాదు. గని దుమ్ముతో పాడైన పంట గురించీ, పగిలిన రోడ్డు గురించీ రాసేవాళ్లు అంతకు ముందు లేరు. కానీ ఆ మండలం నుంచి రాసే కంట్రిబ్యూటర్‌కు జీతం లేదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంటే ఆధారం. చాలాచోట్ల పండగ ప్రకటనలు సేకరించే బాధ్యత కూడా అతడిదే. ప్రకటన ఇవ్వవలసింది క్వారీ యజమాని, వార్త రాయవలసిందీ ఆ క్వారీ గురించే. ఈ ఇరకాటంలో వార్త రెండు వైపులకూ ఒరగవచ్చు. ప్రకటన వచ్చినచోట మౌనం, రానిచోట ఉతుకుడు. కంపెనీ మీద వచ్చిన ప్రతి విమర్శా బ్లాక్‌మెయిల్ అనడం వేలమంది నిజాయతీ గల విలేకరుల పట్ల అన్యాయం. అలాగని ఆ జబ్బు లేదనడం కళ్లు మూసుకోవడమే అవుతుంది. దానికి మందు విలేకరికి బతకగలిగే జీతం ఇవ్వడం, వార్తనూ ప్రకటననూ వేర్వేరు చేతుల్లో పెట్టడం. ఈ పని పత్రికల యాజమాన్యాలు ఇప్పటికీ చెయ్యలేదు.

దీనికి తోడు సాంకేతిక అజ్ఞానం. వనరు, నిల్వ అనే రెండు మాటలకు గనుల శాస్త్రంలో చాలా తేడా ఉంది. నేలలో ఉందని అంచనా వేసినది వనరు. ఇప్పటి ధరలకు, అనుమతులకు లోబడి లాభంగా తవ్వగలిగినంతే నిల్వ. తెలుగు వార్తల్లో రెండూ నిక్షేపాలే. అలాగే నోటీసు, తాత్కాలిక నిలుపుదల, లీజు రద్దు అనేవి మూడు వేరు దశలు. శీర్షికలో మూడూ ‘బ్రేక్’ అనే ఒక్క మాటగా మారతాయి. దురుద్దేశం ఏమీ లేకుండానే ఇలాంటి ఒక్క మాట వల్ల వాటాదారుకు నష్టం జరగవచ్చు. తర్వాత వేసే సవరణ లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో వస్తుంది.

గని కంపెనీ మీద వచ్చిన చెడ్డ వార్త నిజమా, కుట్రా అన్న ప్రశ్న గురించి మాట్లాడేవారు తరచు కెనడాకు చెందిన బ్రి-ఎక్స్ పేరు తలుస్తారు. ఇండొనేషియాలోని బుసాంగ్‌లో అపారమైన బంగారం ఉందని చెప్పి ఆ చిన్న కంపెనీ 600 కోట్ల కెనడా డాలర్ల విలువకు ఎదిగింది. 1997 మార్చిలో ఫ్రీపోర్ట్ కంపెనీ సొంతంగా బోర్లు వేసి చూస్తే చెప్పుకోదగ్గ బంగారమే లేదు. నమూనాల్లో బయటి బంగారం కలిపారని మే నెలలో స్ట్రాత్‌కోనా సంస్థ నివేదిక తేల్చింది. ఆ మధ్యకాలంలో అనుమానం వ్యక్తం చేసినవాళ్ల మీద విరుచుకుపడిన వాటాదారులు చివరికి చిత్తుకాగితాలతో మిగిలారు. ఆ దెబ్బ ఫలితంగానే 2001లో కెనడా ఒక నిబంధన తెచ్చింది: కంపెనీ ప్రకటించే ఖనిజ వివరాలకు అర్హత గల నిపుణుడు పేరు పెట్టి బాధ్యత వహించాలి.

అటువైపు సిల్వర్‌కార్ప్ కథ ఉంది. చైనాలో వెండి గనులున్న ఈ కెనడా కంపెనీ లెక్కల మీద 2011 సెప్టెంబరులో పేరులేని నివేదికలు వచ్చి షేరు పడిపోయింది. ధర పడితే లాభపడే షార్ట్ సెల్లర్లే వాటి వెనుక ఉన్నారు. కంపెనీ బయటి ఆడిటర్లతో నగదు లెక్కలు తనిఖీ చేయించింది, వాటాదారుల ఆగ్రహానికి తగిన కారణమే కనిపించింది. కానీ న్యూయార్క్‌లో అది వేసిన పరువునష్టం దావా నిలబడలేదు. బ్రిటిష్ కొలంబియా సెక్యూరిటీస్ కమిషన్ షార్ట్ సెల్లర్ మీద పెట్టిన అభియోగం 2015లో వీగిపోయింది. గని దగ్గర లారీలను లెక్కపెట్టి సమాచారం సేకరించిన పరిశోధకుడు కున్ హువాంగ్‌కు చైనా కోర్టు 2013లో రెండేళ్ల జైలు వేసింది. షేరు పడినందుకు ఒక మనిషి జైలుకు పోవడాన్ని ఏ వాటాదారు నష్టంతోనూ సమర్థించలేం.

ఇక మన చట్టం. జీ ఎంటర్‌టైన్‌మెంట్ కోరగా ఢిల్లీ కోర్టు బ్లూమ్‌బెర్గ్ కథనాన్ని తొలగించమన్న మధ్యంతర ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2024 మార్చిలో కొట్టివేసింది. విచారణ జరగకుండా వార్తను ఆపడం చాలా అరుదైన సందర్భాల్లోనే తగునని, డబ్బున్న సంస్థలు దావాలతో పత్రికల నోరు నొక్కే ప్రమాదాన్ని కోర్టులు గుర్తించాలని చెప్పింది. కంపెనీకి కోర్టు తలుపు మూసుకుపోలేదు. తప్పని రుజువు చేస్తే పరిహారం దొరుకుతుంది. ఆ రుజువుకు ఏళ్లు పడుతుంది. చిన్న మదుపరికి అంత కాలం ఆగే స్తోమత ఉండదు.

అందుకే స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలు ముఖ్యం. ప్రధాన స్రవంతి పత్రికలో వచ్చిన వదంతి వల్ల షేరు ధర గణనీయంగా కదిలితే 24 గంటల్లో దాన్ని నిజమనో, అబద్ధమనో, వివరణతోనో కంపెనీ చెప్పి తీరాలన్న నియమం 2024 జూన్ 1 నుంచి మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలకు, డిసెంబరు 1 నుంచి మొదటి 250 కంపెనీలకు అమలైంది. చిన్న గని కంపెనీ ఈ 250లో ఉండదు. వదంతి ఎవరిని ఎక్కువ దెబ్బతీస్తుందో వారే నియమానికి బయట ఉండిపోయారు. ఎక్స్ఛేంజీ వివరణ అడిగితే ఏ కంపెనీ అయినా జవాబివ్వాలి, అడగకపోయినా తనంతట తానుగా ఖండించవచ్చు. పేపరు మీద కోపంతో ఉన్న వాటాదారు మొదట అడగవలసింది ఇదే: వార్త వచ్చిన మర్నాటికి కంపెనీ ఎక్స్ఛేంజీకి ఏం రాసింది? ఏమీ రాయకపోతే ఆ మౌనానికి బాధ్యత విలేకరిది కాదు. ఖనిజ అంకెల విషయంలో అంతర్జాతీయ పద్ధతికి సరిపోయే భారతీయ నియమావళి 2019లో సిద్ధమైంది; దాన్ని షేరున్న ప్రతి గని కంపెనీకీ తప్పనిసరి చేస్తే విలేకరికీ మదుపరికీ ఒకే అంకె దొరుకుతుంది.

వాటాదారుకు అందుబాటులో ఉన్న మరో ఆధారం పర్యావరణ అనుమతి ప్రక్రియ. 2006 సెప్టెంబరు నాటి నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలోనూ ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలోనూ ప్రకటన వెయ్యాలి. అంటే గని పుట్టుకలోనే స్థానిక పత్రికకు చట్టం స్థానం ఇచ్చింది. కలెక్టరు లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షతన జరిగే ఆ సభను వీడియో తీస్తారు, గ్రామస్తుల మాటలను కార్యవివరాల్లో రాస్తారు. అనుమతి వచ్చాక షరతుల అమలు మీద కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. సభ రోజున ఊరివాళ్లు అడిగిన నీటి చెరువు, దుమ్ము, రోడ్డు సంగతులు ఆ నివేదికల్లో ఎక్కడిదాకా వచ్చాయో పోల్చి చూస్తే, మర్నాటి జిల్లా పేజీలో వచ్చిన వార్త గాలివాటమో గట్టిదో బొంబాయిలో కూర్చున్న వాటాదారుకైనా తెలుస్తుంది.